ఈడు వచ్చిన బిడ్డలు: గొంతు, బుద్ధి, చదువు



నేను సాలూరువాడను. ముప్పదియైదు సంవత్సరములు బడిపిల్లలకు లెక్కలు చెప్పి విశ్రాంతి తీసికొన్నవాడను. నేడు మీతో ముచ్చటింపదలచినది లెక్కలను గూర్చి కాదు. పిల్లలు ఈడునకు వచ్చునప్పుడు వారి రక్తములో చేరు రసములును, తల్లిదండ్రులనుండి వారికి సంక్రమించు బీజగుణములును, వారి చదువును, వారి నిర్ణయములను ఎంతవఱకు శాసించును? ఇదియే నా విషయము.

పెద్దలతోనే ఈ మాట చెప్పుటకు కారణము కలదు. ఆడపిల్ల చదువు నిలుపవలెనా, సాగింపవలెనా? పెండ్లి ఎప్పుడు చేయవలెను? కుఱ్ఱవానిని పనికి పంపవచ్చునా? ఈ తీర్పులన్నియు మీ అరుగులమీదనే జరుగుచుండును. తీర్పు చెప్పువారు ముందుగా సాక్ష్యము వినవలెను గదా. ఆ సాక్ష్యమును మీ ముందుంచుటకే వచ్చితిని. అంతకంటె ముందు నేను చెప్పిన రెండు తప్పుడు తీర్పులను ఒప్పుకొనవలసియున్నది.

1984లో నేను క్రొత్తగా ఉద్యోగములో చేరియుంటిని. నా తరగతిలో ఒక బాలిక యుండెను. లెక్క నల్లబల్లమీద వ్రాసి నేను వెనుదిరుగులోపల జవాబు చెప్పెడిది. ఒకనాటి ఉదయము ఆమె తండ్రి బడికి వచ్చి, తలపాగ చేతబట్టుకొని, "మాస్టారూ, గుంట పెద్దమనిషయిపోనాది. ఇంక దానికి సదువేటండి? మీరేటంతారు?" అని అడిగెను. ఆతడు మొండివాడు కాడు. నిజముగానే నా సలహా కోరి వచ్చినాడు. నేనొక్క మాట అన్నచో ఆ పిల్ల మరునాడు బడికి వచ్చియుండెడిది. నేనేమంటినో వినుడు: "నిజమే. ఈ ఈడు వచ్చాక ఆడపిల్లకు లెక్కలమీద మనసు నిలవదు." ఆతడు తలయూచి వెడలిపోయెను. మరుసటి సంవత్సరమే ఆ పిల్లకు పెండ్లి చేసిరి.

ఆ కాలముననే పదియాఱేండ్ల కుఱ్ఱవాడొకడు చదువు మాని లారీమీద క్లీనరుగా పోవుదునని పట్టుపట్టెను. మా సాలూరు లారీలకు పేరుపొందిన ఊరు. కొండలెక్కి కోరాపుట్టునకు పోవు ఘాటుదారి మా ఊరినుండియే పోవును. వాని తల్లి ఏడ్చుచు నా యింటికి వచ్చి, "మీరొక్కపాలి సెప్పండి బాబూ, మీ మాటింటాడు" అని బ్రతిమాలెను. నేను, "మగపిల్లవాడు. వాడి మంచిచెడ్డలు వాడికి తెలుసు" అని ఆమెను పంపివేసితిని.

ఆడపిల్లకు బుద్ధి నిలువదనియు, మగపిల్లవానికి బుద్ధి వచ్చివేసినదనియు ఒకే ఏట రెండు తీర్పులు చెప్పితిని. రెండింటికిని నాకు ఆధారము "ఈడు" అను ఒక్క మాటయే. ఆ ఈడు అనగా ఏమో నాడు నాకు తెలియదు.

ఇక సాక్ష్యమునకు వత్తము. మొదటి సాక్ష్యము మీ పశువుల సాలలోనే కలదు. విత్తులు కొట్టించిన కోడె నెమ్మదియైన ఎద్దగును. కొట్టింపనిది ఆంబోతై కొమ్ములు విసరును. కావున విత్తులలో నేదో కలదనియు, అది దేహమునే గాక నడవడిని సైతము మార్చుననియు రైతు వేలయేండ్లనుండి ఎఱుగును. ఆ ఏదో యన్నది యేమని మొదట పరీక్షించి చూచినవాడు జర్మనీ దేశమున గోటింజెన్ పట్టణములోని బెర్తోల్డ్ అను పండితుడు. 1849లో ఆయన కోడిపుంజుల విత్తులు తీసివేసెను. ఆ పుంజుల తురాయి ముడుచుకొనిపోయినది, కూత మానినవి, పోట్లాట మానినవి. కొన్నింటికి మాత్రము తీసిన విత్తును కడుపులో వేఱొకచోట అమర్చెను. నరముల సంబంధము తెగిపోయినను ఆ పుంజులు మరల కూసినవి, మరల పోరాడినవి. విత్తునుండి ఏదో పదార్థము రక్తములో కలిసి దేహమంతయు తిరుగుచున్నదని దీనివలన తేలినది.

ఇట్టి పదార్థములకు 1905లో లండనులోని స్టార్లింగ్ పండితుడు హార్మోనులని పేరు పెట్టెను. గ్రీకు భాషలో దానికి ప్రేరేపించునది యని అర్థము. 1935లో ఆమ్‌స్టర్‌డామ్ నగరములోని లాకర్ పండితుని బృందము ఆంబోతుల విత్తులనుండియే ఆ పురుష హార్మోనును వేఱుచేసి, దానికి టెస్టోస్టెరోన్ అని పేరు పెట్టినది. స్త్రీల అండాశయములనుండి వచ్చు ఈస్ట్రోజెన్ జాతి హార్మోనులలో ఒకటి అంతకుముందే, 1929లో, దొరికియున్నది. ఇచ్చట ఒక విశేషమును గమనింపుడు. పురుష హార్మోను పురుషులకు మాత్రమే కలదనుకొనుట పొరపాటు. స్త్రీలలో అది కొద్దిగా నుండును. పురుషులలో స్త్రీ హార్మోను కొద్దిగా నుండును. భేదము పాళ్లలోనే.

పిల్లలకు ఈడు వచ్చుట యనగా మెదడు అడుగుభాగమున నుండు ఒక చిన్న కేంద్రము మేల్కొని, దానిక్రింద చిక్కుడుగింజయంత యున్న గ్రంథికి ఆజ్ఞ పంపుటయే. ఆ గ్రంథి విత్తులకు గాని అండాశయములకు గాని ఆజ్ఞ పంపును. అవి హార్మోనులను రక్తములోనికి వదలును. ఆడపిల్లలకు ఇది మగపిల్లలకంటె ఇంచుమించు ఒకటి రెండేండ్లు ముందుగా జరుగును. అంతే గాని, ఆ దినమున పిల్ల తలలో ఒక తలుపు మూసికొనుట యన్నది లేదు.

దీనిని మా ప్రాంతపు దృష్టాంతముతో చెప్పెదను. సాలూరు సమీపమున శివరామపురములో జన్మించిన సాలూరి రాజేశ్వరరావుగారిని ఎఱుగనివారు లేరు. మృదంగ విద్వాంసులైన తండ్రి సన్యాసిరాజుగారి యింట, పసినాటినుండి వారికి సంగీతము పట్టువడినది. టెస్టోస్టెరోన్ దొరికిన ఆ 1935వ సంవత్సరముననే "శ్రీకృష్ణలీలలు" చిత్రములో వారు బాలకృష్ణుడై పాడిరి. 1940లో "ఇల్లాలు" చిత్రములో యువకుడై పాడిరి. ఈ రెండింటి నడుమ మగపిల్లల కందఱకు జరుగునది యేమి? హార్మోను స్వరపేటికను పెంచును. లోపలి తంత్రులు పొడవై, లావై, గొంతు దిగును. మునుపటి స్థాయి ఇక అందదు. సంగీతము చెప్పు గురువులు ఆ నెలలలో శిష్యుని గట్టిగా పాడనీయరు. కాని ఆతడు నేర్చిన రాగము పోయినదా? తాళము తప్పినదా? లేదు. గొంతు మాఱినది, విద్య మాఱలేదు. గొంతు కుదుటపడువఱకు గురువు ఓర్పు వహించును గాని, "నీకింక సంగీతము రాదు, పొమ్ము" అని తంబురా లాగికొనడు. మగపిల్లవానికి చూపు ఈ ఓర్పును, లెక్కల పుస్తకము చేతబట్టిన ఆడపిల్లకు మనమేల చూపరాదు?

హార్మోను మెదడును తాకనే తాకదని నేను చెప్పుటలేదు. తాకును. కెనరీ యను చిన్నపిట్టలలో మగది పాట నేర్చును, ఆడది అంతగా పాడదు. పాటను నడిపించు మెదడు భాగములు మగపిట్టలో ఆడదానికంటె ఎన్నోరెట్లు పెద్దవని 1976లో అమెరికాలో నాటెబామ్, ఆర్నాల్డ్ అను పండితులు చూపిరి. ఆడపిట్టకు టెస్టోస్టెరోన్ ఇచ్చినచో అదియు పాడ నారంభించును. ఆడ ఎలుకలలో ఈస్ట్రోజెన్ హెచ్చినప్పుడు, జ్ఞాపకమునకు ఆధారమైన మెదడు భాగములో నాడీకణముల అతుకులు హెచ్చుననియు, తగ్గినప్పుడు తగ్గుననియు 1990 ప్రాంతమున తెలిసినది. అనగా స్త్రీ హార్మోను జ్ఞాపకమునకు శత్రువు కాదు, తోడ్పడునది. ఇక పిట్టనుండి మనుష్యునకు వచ్చినచో, మగవాడే నేర్చి స్త్రీ నేర్వలేని విద్య ఒక్కటియు కానరాదు. పిట్టలోని ఆ అంతరము మనలో లేదు.

నెలసరి దినములలో ఆడవారి బుద్ధి మందగించునని మన యిండ్లలో ననుకొందురు. దీనిని గూర్చి జరిగిన 102 పరిశోధనలను, ఇంచుమించు నాలుగువేలమంది స్త్రీల ఫలితములను ఒక్కచోట చేర్చి 2025లో లెక్కగట్టిరి. ధ్యానము, జ్ఞాపకశక్తి, లెక్క, మాట, ఏది చూచినను నెలలోని దినములనుబట్టి నికరమైన తేడా కనబడలేదు. నొప్పి యుండవచ్చును, అలసట యుండవచ్చును. వానికి విశ్రాంతియు, మందును, బడిలో నీరును, మరుగుదొడ్డియు కావలెను. బుద్ధి మాత్రము ఎక్కడికిని పోలేదు.

ఇక బీజగుణముల సంగతి. వీనిని జన్యువు లందురు. మన దేహములోని ఇంచుమించు ప్రతి కణములోను జన్యువుల దారములు 23 జతలుండును. ప్రతి జతలో ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. కడపటి జత స్త్రీలో రెండును ఎక్స్ అను రకము; పురుషునిలో ఒకటి ఎక్స్, ఒకటి వై. తల్లి ఎప్పుడును ఎక్స్‌నే ఇచ్చును. తండ్రి ఎక్స్ ఇచ్చిన కూతురు, వై ఇచ్చిన కొడుకు. కావున ఆడపిల్లలనే కన్నదని కోడలిని నిందించుట శాస్త్రమునకు విరుద్ధము. ఆ వై దారముమీద నుండు ఒక చిన్న జన్యువే గర్భములోని పిండమును మగదారి పట్టించునని 1990లో లండను పండితులు కనుగొనిరి. అది విత్తులను ఏర్పఱచును; విత్తులు హార్మోనును వదలును. మొదట జన్యువు, తరువాత హార్మోను. ఇదియే క్రమము.

జన్యువు చదువునకు అడ్డుపడుట కలదా? కలదు. ఎఱుపు, ఆకుపచ్చ రంగులను వేఱుపఱచి చూపు జన్యువులు ఎక్స్ దారముమీద నున్నవి. మగపిల్లవానికి ఎక్స్ ఒక్కటియే గనుక, అది లోపమైనచో సరిచేయుటకు రెండవది లేదు. అందుచేత ఈ రంగుల గ్రుడ్డితనము మగపిల్లలలోనే తఱచు. అట్టివాడు పటములోని రంగులు తప్పు చెప్పును. ఉపాధ్యాయుడు మొద్దబ్బాయి యని బెత్తము తీయును. వానిది కన్ను లోపమే గాని బుద్ధి లోపము కాదు. బెత్తమునకు ముందు పరీక్ష చేయవలెను.

కాని ఎల్ల గుణములను ఒక్క జన్యువునకు అంటగట్టరాదు. దీనికి మన తెలుగువాని కథయే సాక్ష్యము. పిఠాపురమున జన్మించిన ద్రోణంరాజు కృష్ణారావుగారు, 1957లో ఇంగ్లండు విడిచి కలకత్తా చేరిన హాల్డేన్ మహాశయునకు శిష్యులైరి. కొందఱు పురుషులకు చెవి అంచున దట్టముగా వెండ్రుకలు మొలచుట మీరు చూచియుందురు. ఆ గుణము తండ్రినుండి కొడుకునకు మాత్రమే వచ్చుచున్నదనియు, కావున వై దారముమీదిదనియు కృష్ణారావుగారు వంశవృక్షములు గీచి 1960లో ప్రకటించిరి. చాలకాలము గ్రంథములలో అదియే నిలిచినది. 2004లో దక్షిణభారత పురుషుల వై దారములనే పరీక్షించిన ఇతర పండితులు, ఆ గుణము దానిమీద లేదని తేల్చిరి. చెవిమీది వెండ్రుక సంగతియే ఇంత చిక్కైనప్పుడు, "ఇది ఆడబుద్ధి, ఇది మగబుద్ధి, పుట్టుకతో వచ్చినది" అని మనము అరుగుమీద కూర్చుండి నిర్ణయించుట ఎంత సాహసము!

చదువును గూర్చి 2018లో ఒక పెద్ద లెక్క వెలువడినది. ఐరోపా సంతతివారు ఇంచుమించు 11 లక్షలమంది జన్యువులను పరిశీలించి, ఎవరు ఎన్నియేండ్లు చదివిరో సరిచూచిరి. చదువుతో సంబంధము గల జన్యుస్థానములు 1271 దొరికినవి. వానిలో ఒక్కొక్కదాని బలము ఆవగింజంత. కనుగొన్న జన్యుభేదములన్నింటిని కలిపి లెక్కించినను, మనిషికి మనిషికి చదువులో గల తేడా నూఱుపాళ్లయినచో 11 మొదలు 13 పాళ్లవఱకే తెలియవచ్చినది. ఆ లెక్కయు ఐరోపావారిదే గాని మనది కాదు. తక్కినదానిలో ఇల్లు, బడి, గురువు, తిండి, ఆరోగ్యము, పెద్దల మాట, ఎన్నియో కలవు.

పెద్దల చేతిలో నున్న ఒక జన్యు విషయమును మాత్రము చెప్పక విడువరాదు. అది మేనరికము. అదే కృష్ణారావుగారు మీరాఖానుగారితో కలిసి ఆంధ్రదేశపు మేనరికములను గూర్చి 1963లో వ్యాసము ప్రకటించిరి. మేనబావ మరదళ్లు తమ జన్యువులలో ఎనిమిదవ వంతును, మేనమామ మేనకోడళ్లు నాలుగవ వంతును సమానముగా కలిగియుందురు. ఇరువురిలోను ఒకే లోపము దాగియున్నచో, బిడ్డలో అది రెండువైపులనుండి కలిసి బయటపడవచ్చును. పుట్టుచెవుడు, కొన్ని రకముల బుద్ధిమాంద్యము ఇట్లు కలుగును. ప్రతి మేనరికమునను ఇట్లగునని కాదు. ప్రమాదము హెచ్చునని మాత్రమే. బిడ్డ చదువును గూర్చి నిజముగా జన్యువులకు భయపడువారు, భయపడవలసినది పెండ్లి చూపుల నాడు. కూతురు పెద్దమనిషియైన నాడు కాదు.

ఇప్పుడు నిర్ణయముల సంగతి చూతము. టెస్టోస్టెరోన్ మనిషిని స్వార్థపరుని, జగడగొండిని చేయునని లోకులందురు. 2010లో జ్యూరిచ్ నగరమున నూఱుమందికి పైగా స్త్రీలకు, కొందఱికి ఆ హార్మోనును, కొందఱికి వట్టి మందును ఇచ్చి, డబ్బు పంచుకొను బేరము ఆడించిరి. ఎవరికి ఏది ఇచ్చినది వారికి తెలియదు. హార్మోను పుచ్చుకొన్నవారు ఎదుటివారికి ఎక్కువ న్యాయమైన వాటా ఇవ్వజూపిరి. విచిత్రమేమనగా, "నాకు టెస్టోస్టెరోన్ ఇచ్చినారు" అని నమ్మినవారు మాత్రము, నిజముగా పుచ్చుకొన్నను లేకున్నను, తక్కువ న్యాయముగా ప్రవర్తించిరి. హార్మోను చేయని పనిని హార్మోనును గూర్చిన నమ్మకము చేసినది! "మగపిల్లవాడు మొండిగానే యుండును" అని మనమెల్లప్పుడు వాని చెవిలో నూదుచుండిన, వాడట్లేల కాకుండును? "ఆడపిల్లకు లెక్క రాదు" అని మనమెల్లప్పుడు అనుచుండిన, ఆమె పలక నేల పట్టును?

మఱియొకటి. టెస్టోస్టెరోన్ పూసికొన్న పురుషులు ఆలోచింపక తోచిన జవాబు చెప్పుచున్నారని, 243 మందిని పరీక్షించి 2017లో ప్రకటించిరి. 2020లో వేఱుగా మూడు పరీక్షలు చేసి చూడగా ఆ ప్రభావము బలహీనముగాను, నిలుకడ లేకయు కనబడినది. శాస్త్రమనగా ఇదియే. నిన్నటి మాటను నేడు తిరిగి తూచును. మనము మాత్రము తాతలనాటి మాటను ఒక్కసారియైనను తూచము.

అయితే కుఱ్ఱవారి సాహసమునకు కారణమేమి? ఈడు వచ్చినప్పుడు మెదడులో కోరికను, ఉత్సాహమును రేపు భాగములు ముందుగా చుఱుకగును. ముందువెనుక లాలోచించి కళ్లెము పట్టు నొసటి భాగము నెమ్మదిగా పండుచు ఇరువదియైదవ ఏటివఱకు పరిపక్వమగుచుండును. గుఱ్ఱము ముందు వచ్చినది. కళ్లెము వెనుక వచ్చుచున్నది. 2005లో అమెరికాలో 306 మందిచేత తెరమీద బండి తోలు ఆట ఆడించిరి. ఒంటరిగా నున్నప్పుడు కుఱ్ఱవారు పెద్దవారికంటె అంతగా తెగింపలేదు. ప్రక్కన స్నేహితులు కూర్చుండి చూచునప్పుడు మాత్రము కుఱ్ఱవారి తెగింపు చాల హెచ్చినది. పెద్దవారిలో అట్టి మార్పు కానరాలేదు. సరకు లారీ నడుపుటకు మన చట్టము 20 ఏండ్లు నిండవలెనని 1988లో విధించుటయందలి యుక్తి మీకిప్పుడు బోధపడునని తలచెదను.

చివఱి సాక్ష్యము మన దేశమునుండియే తెచ్చితిని. ఈశాన్యమున ఖాసీలును, కార్బీలును ఇరుగుపొరుగు కొండజాతులు. ఖాసీలలో ఆస్తి తల్లినుండి కూతునకు వచ్చును. కార్బీలలో తండ్రినుండి కొడుకునకు వచ్చును. నాలుగు ముక్కల బొమ్మను చేర్చు పందెము ఇరువురిలోను పెట్టి, ఫలితములను 2011లో ప్రకటించిరి. ఆడినవారు ఇంచుమించు 1300 మంది. కార్బీలలో పురుషులు స్త్రీలకంటె వేగముగా చేర్చిరి. ఖాసీలలో స్త్రీపురుషుల నడుమ భేదమే లేదు. ఖాసీ స్త్రీకి రక్తములో వేఱు హార్మోను లేదు, ఎక్స్ దారములు మూడు లేవు. ఉన్నదేమి? ఇంటిలో మాట, చేతిలో ఆస్తి, చదువు.

పెద్దలారా, సాక్ష్యము ముగిసినది. దీనినిబట్టి నాకు తోచినది యిది. హార్మోను దేహమును మార్చును, ఉద్రేకమును హెచ్చించును. జన్యువు కొంత మొగ్గును, కొన్నిచోట్ల లోపమును తెచ్చును. నేర్చుకొను శక్తిని ఆడపిల్లకు లేదనుట గాని, మంచిచెడ్డల తెలివి మగపిల్లవానికి పదియాఱేండ్లకే నిండినదనుట గాని ఈ రెండును చెప్పుటలేదు. ఆ రెండు మాటలను చెప్పినది నేను, నావంటి ఉపాధ్యాయులు, మీవంటి పెద్దలు.

కావున నా విన్నపములు మూడు. ఆడపిల్ల పెద్దమనిషియైన నాడు చేయు ఉత్సవము మీ యిష్టము. ఆ మరునాడో, ఆ వారమో ఆమె తిరిగి బడికి పోవలెను. 2006 నాటి చట్టము ఆడపిల్లకు 18, మగవానికి 21 ఏండ్లు నిండనిదే పెండ్లి కూడదన్నది. అది పోలీసువారికి భయపడి పాటింపవలసినది కాదు, పిల్లల మెదడు పండుటకు కొంతయైన గడువిచ్చుటకు పాటింపవలసినది. ఇక కుఱ్ఱవాడు స్నేహితుల నడుమ చేసిన నిర్ణయమును నిర్ణయముగా లెక్కింపకుడు. ఇంటికి పిలిచి, ఒంటరిగా కూర్చుండబెట్టి, రెండుదినములు గడచిన తరువాత మరల అడుగుడు. తిట్టకుడు, అడుగుడు.

ఆ ఇరువురు ఏమైరని మీరడుగవచ్చును. కుఱ్ఱవాడు పదునేడవ ఏట, వెనుక స్నేహితులు కేకలు వేయుచుండగా, డ్రైవరు దిగిన సమయమున లారీ నడుప బూనెను. ఘాటుమలుపులో బండి బోల్తాపడెను. ప్రాణము దక్కినది, కుడికాలు దక్కలేదు. నేడు ఆతడు రోడ్డుప్రక్క టైర్లకు పంక్చర్లు వేయుచు గౌరవముగా జీవించుచున్నాడు. నేను ఆ దారిని పోవునప్పుడు లేచి నమస్కరింప బోవును. నేనే ముందుగా చేయెత్తుదును.

ఆ బాలిక భర్తను కోల్పోయి కిరాణా దుకాణము నడుపుచున్నది. బాకీలు, వడ్డీలు, సంచుల తూకములు, అన్నియు నోటిలెక్కయే. ఒకసారి ఆమె చెప్పిన వడ్డీని నేను ఇంటికి వచ్చి కాగితముమీద వేసి చూచితిని. పైసా తేడా లేదు. కొన్నియేండ్ల క్రిందట ఒక సాయంకాలము ఆమె తన కూతుని వెంటబెట్టుకొని మా యింటికి వచ్చెను. ఆ పిల్ల కొద్దిదినముల క్రిందటనే పెద్దమనిషియైనదట. బంధువులు బడి మాన్పించుమని చెప్పుచున్నారట. ఆమె గడప దగ్గఱ నిలిచి, "మా నాన్న వొచ్చి అడిగినపుడు ఒకటి సెప్పినారు మాస్టారూ. ఇప్పుడు నాను అడుగుతున్నాను. ఈపాలేటి సెబుతారు?" అనెను.

నిష్ఠురము లేదు ఆ గొంతులో. అందుచేతనే నాకు తలయెత్తుట కష్టమైనది. కొంతసేపటికి, "తప్పు చెప్పినానమ్మా. పిల్లను రేపు బడికి పంపు, సాయంత్రం లెక్కలకు నా దగ్గరకు పంపు" అంటిని. మరునాడు ఆ పిల్ల పుస్తకము తీసికొని వచ్చినది.

మీ ఊరిలో ఒక తండ్రి రేపు తలపాగ చేతబట్టుకొని మీ అరుగువద్దకు రావచ్చును. అప్పుడు మీరు నావలె తొందరపడి జవాబు చెప్పకుందురని ఆశించుచున్నాను.